వెనక్కి బాణం

తేదీ: ఈ నెల ఎనిమిది, ఆదివారం, మధ్యాహ్నం

చిరంజీవి అల్లుడికి,

అత్తయ్య మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఉత్తరం అన్నాక ముందు మన క్షేమం రాసి, అవతలివాళ్ళ క్షేమం అడగాలి. నేను క్షేమం అని రాస్తే నువ్వు నమ్మవు. నువ్వు క్షేమమా అని అడిగితే నువ్వు మాత్రం ఏం రాస్తావు పాపం. అందుకని ఆ రెండు ముక్కలూ రాసేసినట్టే అనుకుని ముందుకు పోదాం. వేళకు ఇంత తింటున్నావనీ, ఆ ఎత్తుల మీద వైర్లు లాగేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేస్తున్నావనీ తలుస్తాను.

పెళ్ళయిన దగ్గర్నుంచి నిన్ను మీరు అనే పిలిచేదాన్ని. అల్లుణ్ణి నువ్వు అంటే బాగుండదని అమ్మాయి కూడా అనేది. ఆరోజు ఆస్పత్రి వరండాలో డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపినప్పుడు నువ్వు గోడకి ఆనుకుని కిందికి జారిపోతుంటే, లే నాయనా, నువ్వు కూడా ఇలా అయిపోతే నేనేం కాను అనేశాను. ఆ నువ్వు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు మళ్ళీ మీరు అందామంటే నోరు రావడం లేదు. ఏమీ అనుకోకు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటి అనుకుంటావు. ఫోన్‌లో మనం మాట్లాడుకునేది ఏముంది? నువ్వు హలో అత్తయ్యా అంటావు, నేను ఆ నాయనా అంటాను, తర్వాత ఇద్దరం ఎదుటివాళ్ళు ఏడుస్తున్నారేమోనని చెవి పెట్టి వింటూ కూర్చుంటాం. కాసేపటికి సిగ్నల్ లేదత్తయ్యా అని పెట్టేస్తావు. సిగ్నల్ ఉంటుందని నాకూ తెలుసు. అనుకున్న మాట ఒక్కటీ దాటదు. కాగితమైతే మధ్యలో పెట్టేసి పోదు. నా చదువు అయిదో తరగతిలోనే ఆగిపోయింది గనక తప్పులుంటే సర్దుకుని చదువుకో.

విషయం మన ఎంబ్రాయిడరీ షాపులో ఉన్న కొత్త కంప్యూటరు గురించి. నువ్వు కొనిపెట్టినదే. దాని మీద అట్ట డబ్బా వాసన కూడా పోకముందే అమ్మాయి పోయింది.

ఇప్పుడది రోజూ ఒకటే మాట అడుగుతోంది. తెర మధ్యలో ఒక పెట్టె వస్తుంది. లోపల ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి కొత్తది వచ్చింది, అప్‌గ్రేడ్ చేస్తావా అని. కుడిపక్క నీలం గడి నొక్కితే సరే అని. ఎడమపక్క తెల్ల గడి నొక్కితే తర్వాత అని. నేను తెల్లదే నొక్కుతూ వస్తున్నాను. అది మర్యాదగా వెళ్ళిపోతుంది, మర్నాడు మళ్ళీ వస్తుంది. అప్పులవాడికైనా కాస్త మొహమాటం ఉంటుంది గానీ దీనికి అదీ లేదు.

కొత్త కంప్యూటరుకి మళ్ళీ కొత్తదేమిటి, నిన్నగాక మొన్న కొన్నది కదా అని మిషను మెకానిక్కుని అడిగాను. అదేనమ్మగారూ, ఒళ్ళు కొత్తదే గానీ లోపల కూర్చున్న మనిషి పాతవాడు, ఆ మనిషిని మార్చాలి, అంతే అన్నాడు. నయం, నాకు రెండూ పాతవే అన్నాను. పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎన్నాళ్ళకో నాకూ నవ్వు రాబోయింది. అమ్మాయి కుర్చీ వైపు కళ్ళు పోయి ఆగిపోయింది.

అతను చెప్పిన అసలు సంగతి ఇది. ఎంబ్రాయిడరీ మిషనుకి బొమ్మ పంపేది కంప్యూటరులో ఉన్న ప్రోగ్రామట. దానికి లైసెన్సు గడువు ఈ నెలాఖరుతో అయిపోతుందట. మళ్ళీ ఇవ్వాలంటే ప్రోగ్రాము కొత్తది వేసుకోవాలట. ఆ కొత్త ప్రోగ్రాము పాత సిస్టమ్ మీద కూర్చోదట. అంటే ఆ నీలం గడి నొక్కకపోతే వచ్చే నెల ఒకటో తారీకు నుంచి మన మిషను సూదులన్నీ పైకి లేచి అలా చూస్తూ ఉండిపోతాయన్నమాట. ఆస్పత్రి కోట్ల మీద పేర్లుండవు, కంపెనీ చొక్కాల జేబుల మీద గుర్తులుండవు. షట్టరు దించేసుకోవడమే.

మరి నొక్కడానికి ఏం రోగం అంటావా? నువ్వూ ఫోన్‌లో అదే అన్నావు. నొక్కేయండి అత్తయ్యా, అదొక యంత్రం, దానికేం తెలుసు అని. నీ గొంతులో విసుగు లేదు, నాకు తెలుసు. దాని గురించి ఆలోచించే ఓపిక లేదు, అంతే.

నొక్కితే కంప్యూటరు ఒకసారి ఆరిపోయి మళ్ళీ వెలుగుతుందట. తెర మీద తెరిచి ఉన్నవన్నీ మూసేస్తుందట. అదీ నా బాధ. ఆరోజు అమ్మాయి తెరిచిన బొమ్మ ఇంకా తెరిచే ఉంది.

ఇది నీకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, మా వదినకి తప్ప. మిషను దగ్గర ఉండేది ఆవిడే కాబట్టి దాచలేకపోయాను. అమ్మాయి పొద్దుట్నుంచీ ఏదో బొమ్మ గీస్తూ కూర్చుంది. ఒక తీగ, దానికి ఆకులు, చివర మొగ్గలు. ఏ గిరాకీకో చెప్పలేదు. ఎవరికే అంటే, చెప్తాలే అంది. తర్వాత తలనొప్పిగా ఉందమ్మా, కాసేపు నడుం వాలుస్తాను అని లేచింది. మిగతాది నీకు తెలుసు. ఆ తెర అలాగే ఉంది. పని మధ్యలో కంప్యూటరు నిద్రపోతే సూది గుడ్డలోనే ఆగిపోతుందని దాన్ని నిద్రపోకుండా పెట్టింది కదా, అందుకని అదొక్కటే మన ఇంట్లో ఆరోజు నుంచీ కన్ను మూయకుండా ఉంది. మిగతా గిరాకీల బొమ్మలు వేరే తెరిచి పని చేసుకుంటున్నాం. దీన్ని కిందికి దించి పెడతాం, మళ్ళీ పైకి తెస్తాం. మూయం.

కరెంటు పోతే ఆరిపోకుండా చూస్తుందని పక్కన బ్యాటరీ పెట్టె ఉంది గానీ, అది ఎంతసేపు మోస్తుందో నమ్మకం లేదు. ప్లగ్గు ఎవరి కాలికైనా తగులుతుందని గుడ్డపట్టీ వేసి గోడకి అతికించాను. ట్యూబులైటు చోక్ పోయి కొట్టుకుంటుంటే బాగుచేయడానికొచ్చిన మనిషి మెయిన్ ఆపాలన్నాడు. అక్కర్లేదు వెళ్ళు నాయనా అన్నాను. ఎలక్ట్రీషియన్ అత్తగారింట్లో చీకట్లో దారం కత్తిరించుకుంటున్నాం, చూడు మా భోగం.

బొమ్మని సేవ్ చేసేసి మూసేయొచ్చు కదా అని నువ్వంటావు. మెకానిక్కూ అదే అన్నాడు. నొక్కబోయాడు కూడా. పేరేం పెట్టమంటారమ్మగారూ అన్నాడు. అమ్మాయి ఎవరి బొమ్మకి వాళ్ళ పేరే పెట్టేది. ఇది ఎవరిదో నాకు తెలియదు. ఏదో ఒకటి కొట్టేస్తాను అన్నాడు. వద్దు, చెయ్యి తియ్యి అన్నాను. గట్టిగా అన్నాననుకుంటాను, అతని మొహం చిన్నబోయింది. కడుపున పుట్టినదాని ఆఖరి పనికి ఏదో ఒకటి అని పేరా?

కానీ పేరొక్కటే కాదు. అసలు సంగతి చెప్తాను, కాస్త ఓపిగ్గా విను.

తెర పైన రెండు బాణాలుంటాయి, ఒకటి ఎడమకి వంగి, ఒకటి కుడికి వంగి. నాకు పని నేర్పేటప్పుడు అమ్మాయి చెప్పింది, ఎడమ బాణం నొక్కితే ఇప్పుడు చేసింది పోతుందమ్మా, కుడి బాణం నొక్కితే పోయింది మళ్ళీ వస్తుంది అని. ఆమధ్య బల్ల తుడుస్తుంటే గుడ్డ మౌసుకి తగిలి ఎడమ బాణం నొక్కుకుపోయింది. మొగ్గకి ఒక రేకు మాయమైంది. గబుక్కున కుడి బాణం నొక్కాను. రేకు వచ్చింది.

అప్పుడు తెలిసింది నాయనా. ఎడమది నొక్కుకుంటూ పోతే అమ్మాయి చేసిన పని అంతా ఒక్కొక్కటే వెనక్కి పోతుంది. ఖాళీ గుడ్డ వస్తుంది. మళ్ళీ కుడిది నొక్కుకుంటూ వస్తే అది మొదట్నుంచీ గీయడం మొదలుపెడుతుంది. నా కళ్ళ ముందే. ముందు తీగ లాగింది. నచ్చలేదు, కాస్త వంచింది. ఒక ఆకు పెట్టింది. తీసేసింది. అదే ఆకు ఇంకాస్త కిందికి పెట్టింది. పచ్చరంగు మార్చింది, మళ్ళీ మొదటి పచ్చకే వచ్చింది. మళ్ళీ ఆ ఆకు తీసేసింది. చిన్నప్పుడు లెక్కలు చేసేటప్పుడూ ఇంతే, కాగితం చిరిగేదాకా చెరిపేది. చాల్లేవే, బాగానే ఉంది కదా అంటే, నీకు అన్నీ బాగానే ఉంటాయి అని కసిరేది.

ఫోటోలో దాని మొహం ఉంది. వీడియోల్లో దాని నవ్వు ఉంది. అవి నేను చూడలేను, నువ్వూ చూడవని తెలుసు. ఇది వేరు. ఇందులో అది ఆలోచిస్తూ ఉంటుంది. ఇక్కడ పెట్టనా, అక్కడ పెట్టనా అని. బతికున్న మనిషే కదా అలా తేల్చుకోలేకపోయేది?

మెకానిక్కుని ఊరికే అడిగినట్టు అడిగాను, సేవ్ చేస్తే ఈ బాణాలు కూడా అందులో ఉంటాయా అని. ఉండవమ్మగారూ, బొమ్మే ఉంటుంది, మూసి తెరిస్తే బాణాలు మొదటికొస్తాయి అన్నాడు. బొమ్మ నాకెందుకు చెప్పు? బొమ్మలు పెట్టెనిండా ఉన్నాయి.

మధ్యాహ్నం వదిన అన్నానికి వెళ్ళగానే షట్టరు సగం దించి దాని కుర్చీలో కూర్చుంటాను. కుడి బాణం నొక్కుకుంటూ వస్తే ఆఖరికి ఒక మొగ్గ దగ్గర ఆగుతుంది. సగం మొగ్గ. దాని తర్వాత బాణం బూడిదరంగు అయిపోతుంది. ఎంత నొక్కినా కదలదు. అక్కడే లేచింది అది. నేను మళ్ళీ వెనక్కి పోతాను.

వదిన ఒకరోజు తొందరగా వచ్చి చూసేసింది. ఆవిడ నోరు నీకు తెలుసుగా. ఆ అద్దంలోంచి పిల్లని లాగుదామనా, ఎన్నాళ్ళు కూర్చుంటావిలా అంది. నువ్వు పోయినదానికి కాపలా ఉన్నావు, ఉన్నవాళ్ళం మేమేం తినాలి, నా మొగుడు పోయినప్పుడు ఆయన చెప్పులు పట్టుకుని కూర్చుంటే నా పిల్లలు పెరిగేవాళ్ళా అని కడిగేసింది. నేనూ ఊరుకోలేదు. నీ మొగుడి చెప్పులు ఆకులు గీసేవా అన్నాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఏడుస్తూనే ఆవిడ కోట్ల ఫ్రేము బిగించింది, నేను దారాలు కత్తిరించాను. పని ఆగలేదు.

వదిన తప్పు మాట అందని నేను అనను. షాపు అమ్మాయిదే. ఆ మిషను కోసం అది ఎన్ని ఆఫీసుల గుమ్మాలెక్కి దిగిందో నువ్వూ చూశావు. నొక్కితే అది గీస్తూ ఉండే తెర పోతుంది. నొక్కకపోతే అది కట్టిన షాపు పోతుంది. రెండూ దానివే. నా చేత్తోనే రెండింట్లో ఒకటి పోగొట్టాలి. కడుపుకోత ఒక్కసారే అనుకున్నాను. ఇలా తెర మీదికి పెట్టె వచ్చి రోజూ అడుగుతుందని అనుకోలేదు.

దేవుడనేవాడు కనిపిస్తే ఒక్కటే అడుగుతాను. నా పిల్ల విషయంలో నన్ను ఎందుకు అడగలేదు, తర్వాత అనే గడి నాకెందుకు చూపించలేదు అని. ఇంత చిన్నదానికి ఇన్నిసార్లు అడుగుతున్నారే, అంత పెద్దదానికి ఒక్కసారైనా అడగకూడదా? ఈ మాట రాస్తుంటే కలం కాగితంలోకి దిగిపోతోంది. కాస్త ఆగి రాస్తాను.

ఆగాను. మంచినీళ్ళు తాగాను. సాయంత్రమైంది.

నేను అడిగేది ఒక్కటే. నెలాఖరు లోపల ఒక్కసారి రా. పని ఎక్కువ అంటావు, మేస్త్రీ ఒప్పుకోడంటావు. మేస్త్రీతో నేను మాట్లాడతాను కావాలంటే, నా నోరు కూడా తక్కువదేం కాదు. నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ ఈ గుమ్మం తొక్కలేదు. నీ గది అలాగే ఉంది. నీ టెస్టరు, కటింగ్ ప్లయరు కిటికీలోనే ఉన్నాయి. నీకు ఆ కుర్చీ చూడడం కష్టమని తెలుసు. దాని మీద దుప్పటి కప్పేస్తాను. నువ్వు ముక్కాలిపీట మీద కూర్చో. నేను నొక్కుతాను, నువ్వు చూడు. నీ భార్య ఎలా ఆలోచించేదో ఒక్కసారి మొదట్నుంచి ఆఖరు దాకా చూడు. ఆ తీగ ఎవరి కోసమో నీకేమైనా చెప్పిందేమో, చెబితే ఆ పేరు పెట్టి సేవ్ చేద్దాం. తర్వాత ఆ నీలం గడి నువ్వే నొక్కు. నా చెయ్యి రాదు.

నువ్వు రాకుండా నన్నే నొక్కమంటే మాత్రం నేను నొక్కను. షాపు పోతే పోనీ. ఈ మాట బెదిరింపు అనుకున్నా సరే.

నీ ఆరోగ్యం జాగ్రత్త. సిగరెట్లు ఎక్కువయ్యాయని నీతో పనిచేసే అతను వదిన కొడుకుతో అన్నాడట. నేనేమీ అనడం లేదు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అత్తయ్య

తా.క. మరిచిపోయి ఇది చివర రాయడం లేదు. పైన రాసే ధైర్యం లేక ఇక్కడ రాస్తున్నాను. ఉత్తరం మడిచి కవర్లో పెట్టి మళ్ళీ తీశాను. నీకు అబద్ధం పంపించి తర్వాత నీ మొహం ఎలా చూస్తాను?

ఆ బొమ్మ లేదు నాయనా. గురువారమే పోయింది.

వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకొస్తున్నాను. అది ఆకు పెట్టి తీసేసే చోటు దగ్గరికొచ్చాను. ఇంకొక్కటి నొక్కితే తీసేస్తుంది. ఆ ఆకు నాకు మొదట్నుంచీ ఇష్టం. ఎందుకే తీస్తావు, కాస్త ఒరిగింది అంతే కదా, సరిచేస్తే సరిపోదూ అన్నాను పైకే. దానికి జడ వేసినా, కొంగు సర్దినా నా చెయ్యి ఊరుకునేది కాదు కదా. మౌసుతో ఆ ఆకు పట్టుకుని రవ్వంత పైకి జరిపాను. అంతే. బుర్రలో ఇంకేమీ లేదు ఆ క్షణంలో. అది పక్కనే ఉన్నట్టే ఉంది నాకు.

కుడి బాణం బూడిదరంగు అయిపోయింది.

ఎడమది నొక్కితే ఆకు నేను జరపకముందు ఎలా ఉందో అలా వచ్చింది. కుడిది నొక్కితే నేను జరిపిందే మళ్ళీ వచ్చింది, అమ్మాయి గీసింది రాలేదు. నొక్కాను, నొక్కాను. మెకానిక్కుకి ఫోన్ చేశాను. మీరు మధ్యలో కొత్త పని చేశారమ్మగారూ, ఇక తర్వాతవి ఉండవు, ఎవరూ తేలేరు అన్నాడు. ఆకుల్లో సగం లేవు. మొగ్గలు లేవు. అది ఆగిపోయిన ఆ సగం మొగ్గ లేదు. తీగ, రెండు ఆకులు, అది వద్దనుకున్న ఆ ఆకు, అవే ఉన్నాయి. నా కూతురు ఇంకొకసారి పోయింది, ఈసారి నేనే చంపుకున్నట్టుంది. వదినకి కూడా చెప్పలేదు. ఆవిడ ఈసారి తిట్టదు, అది నేను భరించలేను.

మరి పైన ఆ మాటలన్నీ ఎందుకు రాశానంటే, బొమ్మ ఉందంటే వస్తావని. పోయిందని చెబితే ఇక నువ్వు ఈ ఇంటికి ఎందుకొస్తావు? అమ్మాయే లేనప్పుడు నేను నీకేమవుతాను? ఆ తెర మూసేశాక నిన్ను పిలవడానికి నా దగ్గర ఇంకేమీ ఉండదని భయమేసింది.

రేపు పొద్దున మెకానిక్కు వస్తాడు. నీలం గడి నేనే నొక్కేస్తాను. దాని కోసం నువ్వు సెలవు పెట్టుకోనక్కర్లేదు. ఇక్కడ చూడడానికి కూడా ఏమీ లేదు.

ఊరికే రా నాయనా.